ఉడకబెట్టిన పులిచింతాకులు

నలుగురూ నవ్వినప్పుడు నేనూ నవ్వేను. అదే ఇప్పటికీ నాకు మింగుడుపడటం లేదు. మా పెద్దమ్మ ఎస్తేరమ్మ పోయి నెల తిరిగేక రాజోలు దగ్గర మా ఊరి చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టేం. బంతిపూల దండ వేసిన ఫొటో బల్లమీద ఉంది. పాస్టరుగారు ప్రార్థన ముగించి, ఇప్పుడు టీచరుగారు రెండు మాటలు చెప్తారండీ అన్నారు. ముప్పయ్యేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన నోరు కదా, రెండు మాటలతో ఊరుకుంటుందా? నాకు బాగా అలవాటైన కథే ఎత్తుకున్నాను. పూర్వం ఒకసారి మా పెద్దమ్మకి ఆకుపచ్చ దారంతో పులిచింతాకులు అల్లమని ఆర్డరొచ్చిందండీ, తెల్లలేసు తప్ప ఇంకోటి ఎరగని మనిషి, అల్లడం అయ్యేక వాటినీ తెల్లలేసులాగే చాకలిసోడా వేసి గుండిగలో ఉడకబెట్టేసిందండీ, రంగంతా నీళ్ళలోకి దిగిపోయి ఆకులు వెలవెలబోతే, చూడు పాపా మురికెంత పోయిందో అందండీ, అని చెప్పేను. చర్చంతా నవ్వింది. పాస్టరుగారు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. కథ పండిందన్న సంతోషంతో ఫొటో పక్కన నిలబడి నేనూ హాయిగా నవ్వేను.

భోజనాలయ్యేక సుందరమ్మత్త నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ పెద్దమ్మకి పక్కింటి మనిషి, అరవయ్యేళ్ళపాటు ఇద్దరూ ఒకే అరుగుమీద కూర్చుని లేసు అల్లేరు. ఇప్పుడు ఎనభై దాటేయి, నడుం వంగిపోయింది, కానీ వేళ్ళలో పట్టు తగ్గలేదు. నన్ను పెద్దమ్మ ఇంటి అరుగుమీదికి లాక్కెళ్ళి కూర్చోబెట్టింది. మనిషి పోయిన దుఃఖమేమోలే అనుకుని నేనే ఓదారుస్తూ వీపుమీద చెయ్యి వేసేను. ఆ చెయ్యి తీసేసింది.

"పాపా, ఆ గుండిగ పొయ్యెక్కించింది మీ పెద్దమ్మ కాదు. నువ్వు."

ఆవిడకి మతి చలించిందనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, సిగ్గువిడిచి చెప్తున్నాను. పెద్ద వయసు, పొద్దున్నించీ అలిసిపోయి ఉందేమో, ఎవరి సంగతో ఎవరికో అంటిస్తోంది అనుకున్నాను. తరవాత ఆవిడ చెప్పింది వింటుంటే నేను కూర్చున్న అరుగే కదిలిపోయినట్టయ్యింది. ఆ మాట నాకెందుకంత గట్టిగా తగిలిందో మీకు తెలియాలంటే ముందు ఆ అరుగు సంగతీ, ఆ ఇంటి సంగతీ చెప్పాలి.

మా అమ్మా నాన్నా నాట్లకీ కోతలకీ పోయే మనుషులు. తెల్లారకుండానే చద్దన్నం మూటకట్టుకుని గట్లమీద నడిచి పోతే మళ్ళీ దీపాలవేళకే రావడం. నన్ను పెద్దమ్మ అరుగుమీద దించేసి వెళ్ళేవారు. పెద్దమ్మ భర్త నాకు జ్ఞానం రాకముందే పోయేడు, పిల్లల్లేరు. ఆవిడకి నేనూ, లేసూ, బైబిలూ. పొద్దున్నే ఇల్లూ వాకిలీ ఊడ్చుకుని, చేతులు కుంకుడుకాయ రసంతో రెండుసార్లు కడుక్కుని, తుడుచుకుని, పొడిగా ముగ్గుపిండి రాసుకుని కూర్చునేది. లేసుకి చెమట పగ అనేది. దారపు ఉండ దొర్లిపోకుండా కంచుగిన్నెలో వేసేది, సూది దారాన్ని లాగినప్పుడల్లా అది గిన్నెలో గిరగిరా తిరిగేది. ఆ చప్పుడు వింటూ నేను నిద్రపోయేదాన్ని. పక్కన సుందరమ్మత్తా, ఇంకో నలుగురూ. కొందరు చేతిపని, అంటే పువ్వులూ ఆకులూ విడివిడిగా అల్లడం, కొందరు అతుకుపని, అంటే వాటిని కలిపి పెద్ద లేసు చెయ్యడం. అందరి పనీ చూసి సరిదిద్దేది మా పెద్దమ్మ. ఆ అరుగుమీద ఉప్పుచేప వాసనగానీ, పనసతొనల వాసనగానీ రాకూడదు. తిన్నవాళ్ళు మళ్ళీ చేతులు కడుక్కుని, పెద్దమ్మకి వాసన చూపించి మరీ కూర్చోవాలి. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది, ఆపరేషను గదిలో కూడా అంత శుభ్రం ఉండదేమో.

అంత చేసినా, నెల్లాళ్ళు పదిచేతులు మారేటప్పటికి తెల్లదారం నల్లబడక మానదు. అందుకని పని ముగిసేక ఉతుకు ఉండేది. ఇంటివెనక మూడురాళ్ళ పొయ్యిమీద గుండిగ పెట్టి, కొబ్బరిమట్టలు ఎగదోసి, నీళ్ళు తెర్లుతుంటే చాకలిసోడా వేసి, లేసుని అందులో దించి కొబ్బరిమట్ట కర్రతో నెమ్మదిగా తిప్పేవాళ్ళు. తరవాత కాలవనీళ్ళలో జాడించి, నీలిమందు చుక్క వేసి, పల్చటి గంజి పెట్టి, చాపమీద గుండుసూదులు గుచ్చి ఆరబెట్టేవాళ్ళు. ఆ సోడా ఆవిరీ, గంజి వాసనా కలిసి వస్తే ఇక ఆర్డరు పూర్తయినట్టు. ఉడకందే లేసు కాదు అనేవారు మా ఊళ్ళో. బియ్యం ఉడకందే అన్నం కాదన్నంత మామూలుగా అనేవారు.

అటువంటి ఇంటికి ఓ వేసవిలో ఏజెంటుగారు సైకిలుమీద కొత్త నమూనా తెచ్చేరు. అట్టముక్కకి కుట్టిన చిన్న ఆకు, మూడు రెక్కలూ ఓ కాడా. దాంతోపాటు ఆకుపచ్చ దారం. రంగుదారం మా అరుగుమీదికి రావడం అదే మొదలు. ఆడవాళ్ళంతా బుగ్గలకి ఆనించుకుని చూసేరు. నమూనా చూసి పెద్దమ్మ, ఇది మన నూతిగట్టు దగ్గర మొలిచే పులిచింతాకే కదండీ, దీన్నెవరు గోడకి కట్టుకుంటారు అని అడిగింది. ఏజెంటుగారికీ తెలియదు. ఎక్కడో చల్లటి దేశంలో ఆ ఆకు శుభమట, పండగరోజుల్లో గుమ్మాలకీ కిటికీలకీ కడతారట, బహుమానం పొట్లాలకీ పుస్తకాల్లో గుర్తుకీ పెడతారట. పిల్లలం పుల్లగా ఉంటుందని నమిలి ఉమ్మేసే ఆకుకి అంత మర్యాదా అని మేం ముక్కున వేలేసుకున్నాం. అయినా పెద్దమ్మ నూతిగట్టు దగ్గరికెళ్ళి నిజం ఆకు కోసుకొచ్చి, తిరగేసి చూసి, రెక్క మధ్య నొక్కు నమూనాలో కంటే బాగా వచ్చేలా అల్లింది. గొలుసుతో చిన్న చుట్టు, దాన్నించి ఒక్కో రెక్కా పైకి తీసి, నొక్కు దగ్గర దించి, మళ్ళీ ఎక్కించి, ఆఖర్న కాడ. నా వేళ్ళు పట్టుకుని నాకూ నేర్పింది. ఆ వేసవంతా అరుగుమీద మాటలు తగ్గిపోయేయి. ప్రతి ఆకూ పెద్దమ్మ చేతిమీదుగా వెళ్ళి బిస్కట్ల డబ్బాలో పడేది.

ఆ ఆకులమీద పెద్దమ్మ ఆశంతా పెట్టుకుంది. అమలాపురంలో ఆడపిల్లల హాస్టలు ఒకటుండేది, అక్కడ లేసు నేర్పే టీచరమ్మ మానేసింది. హాస్టలు నడిపే అమ్మగారు కొత్తవాళ్ళకోసం చూస్తూ, ఈ ఆర్డరు నాకోసారి చూపించండి, బాగుంటే ఎస్తేరమ్మనే పెట్టుకుంటాను అని ఏజెంటుగారితో కబురుచేసేరు. నన్ను కూడా ఆ హాస్టల్లోనే చేర్చుకుని చదివిస్తానన్నారు. అంటే జూన్‌లో పెద్దమ్మా నేనూ కలిసి అమలాపురం వెళ్తాం, ఆవిడ టీచరమ్మ, నేను స్కూలుపిల్ల. అరుగుమీద కూర్చునే మనిషి కుర్చీలో కూర్చుంటుందన్నమాట. ఆవిడ ఆ మాట ఎవరితోనూ అనేది కాదు కానీ, ఉన్న రెండు తెల్లచీరల్లో మంచిదాన్ని ఉతికి మడతపెట్టి పరుపుకింద పెట్టుకుంది. రోజూ తీసి మడత చూసుకునేది.

తరవాత జరిగింది ఊరందరికీ తెలుసు. ఆకులు ఉడికిపోయేయి. ఏజెంటుగారు డబ్బా మూత తీసి, పాలిపోయిన ఆకుల్ని చూసి అరుగుమీద కూలబడ్డారట. పెద్దమ్మ తలొంచుకుని, అలవాటులో ఉడకేసేనండీ అందట. హాస్టలు అమ్మగారు పాపం తిట్టలేదు, కానీ రంగుదారానికీ తెల్లదారానికీ తేడా తెలియని మనిషిని టీచరుగా ఎలా పెట్టుకుంటాం అన్నారట. ఆ కుర్చీలో ఇంకొకావిడ కూర్చుంది. అరుగుమీద కూడా పెద్దరికం పోయింది. చూసి సరిదిద్దే మనిషి కాస్తా ఒకరిచ్చింది అతికే మనిషైంది, చూపు మందగించేదాకా అతుకుపనే చేసింది. ఊళ్ళో ఉడకేసిన ఎస్తేరమ్మ అని పేరు పడిపోయింది. నాకిస్తానన్న సీటు మాత్రం తియ్యలేదు, నేను జూన్‌లో అమలాపురం వెళ్ళేను. హాస్టల్లో చదువుకున్నాను, ట్రైనింగయ్యేను, టీచరునయ్యేను. పెద్దమ్మ నన్ను బస్సెక్కిస్తున్నప్పుడు ఆ మడత చీరే కట్టుకుంది. నాకు తోడుగా అమలాపురం వెళ్ళడానికి ఉంచుకున్న చీర, నాకు చెయ్యూపడానికి పనికొచ్చింది.

ఈ కథ నేను హాస్టల్లో మొదలుపెట్టేను. పిల్లలు నవ్వేవారు. నవ్వించినకొద్దీ నాకు రుచి మరిగింది. స్టాఫురూములో చెప్పేను, పెళ్ళిళ్ళలో చెప్పేను, నా కోడలు ఇంటికొచ్చిన వారంలోనే చెప్పేను. మురికెంత పోయిందో అన్న మాట ఎప్పుడు చేర్చేనో నాకే తెలియదు. ఆ మాట పెద్దమ్మ నోట రావడం నాకు చెవుల్లో వినిపిస్తుంది కూడా! రిటైరయ్యేక మళ్ళీ సూది పట్టుకున్నాను. ఇప్పుడు అమలాపురంలో ఏ రంగు దారమైనా దొరుకుతుంది. రంగు దిగదు, కావలిస్తే బట్టలుతికే మిషనులో వేసుకోవచ్చు. అమ్మాయిలు ఫోనులో వీడియో చూసి ఒక్క మధ్యాహ్నంలో నేర్చేసుకుంటున్నారు, చెమట పగా ముగ్గుపిండీ ఏమీ లేవు, పక్కనే పకోడీల పళ్ళెం. నేను ప్రతి క్రిస్మస్‌కీ ఆకుపచ్చ పులిచింతాకులు అల్లి అందరికీ పంచడం పెట్టుకున్నాను. చెట్టుకి కట్టుకునేవి కొన్ని, బైబిల్లో గుర్తుకి పెట్టుకునేవి కొన్ని, తాళంచెవులకి కొన్ని. మొదటిది ఎప్పుడూ పెద్దమ్మకే. దానికి చిన్న కాగితం కట్టి, నా ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక్క ముక్క రాసేదాన్ని. ఉడకబెట్టకు పెద్దమ్మా, అని.

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని కూడబలుక్కుని చదివేది. చదివి, ఆయ్, ఉడకబెట్టన్లే పాపా అనేది. మావైపు ఔననడానికి ఆయ్ అంటాం. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు. పన్నెండు క్రిస్మసులు.

ఇక సుందరమ్మత్త అరుగుమీద చెప్పింది చెప్తాను. ఆ రోజు పెద్దమ్మ ఊళ్ళో లేదు. పొరుగూళ్ళో ఎవరో పోతే వెళ్ళింది. డబ్బా జోలికి పోకు పాపా అని నాకు చెప్పి మరీ వెళ్ళిందట. ఆ ఆకుల్ని సోడాలో ఉడకెయ్యకూడదని ఏజెంటుగారు చెప్పిన సంగతి ఆవిడకి బాగా తెలుసు, అరుగుమీద అందరికీ పదిసార్లు చెప్పింది కూడా. నేను నేరేడుచెట్టు కింద పళ్ళు ఏరుకుతిని, ఆ చేతులతోనే డబ్బా తీసి ఆకులతో ఆడుకున్నాను. నాలుగైదు ఆకులకి నీలం మరకలయ్యేయి. మరకైతే ఏం చెయ్యాలో ఆ ఇంట్లో పుట్టిన పిల్లికి కూడా తెలుసు. గుండిగలో నీళ్ళు పోసి, మట్టలు ఎగదోసి, మరక ఏదో మంచిదేదో విడదియ్యకుండా డబ్బా అంతా ఒంపేసేను. సోడా కూడా పెద్దమ్మ వేసేదానికి రెట్టింపు వేసేనట, బాగా పోతుందని. కర్రతో తిప్పుతుంటే నీళ్ళు తొణికి మణికట్టుమీద పడ్డాయి. ఆ కేక విని సుందరమ్మత్త గోడ దాటి పరిగెత్తుకొచ్చింది.

నా ఎడంచేతి మణికట్టుమీద అర్ధరూపాయంత మచ్చ ఉంది. చిన్నప్పుడు గంజి పడింది అని పెద్దమ్మ చెప్తే, అడిగినవాళ్ళందరికీ నేనూ అదే చెప్పుకుంటూ వచ్చేను. దాన్ని చూసుకున్నాను. అప్పుడు నాకు ఇంకోటి తట్టింది. ఆ కథ చెప్పినప్పుడల్లా నాకు గుండిగలో ఆకుపచ్చ నీళ్ళు కనిపిస్తాయి, ముఖానికి ఆవిరి కొడుతుంది, అవి సరే. కానీ కర్ర బరువు కూడా నా చేతుల్లో తెలుస్తుంది. తడిసిన లేసు చుట్టుకున్న కర్ర ఎంత బరువుంటుందో, పక్కన నిలబడి చూసినదానికి ఎలా తెలుస్తుంది? ఇన్నేళ్ళూ చెప్పేనే, ఒక్కసారి కూడా ఆ ప్రశ్న నాకు రాలేదే!

"మరి నాకెందుకు గుర్తులేదత్తా?" అన్నాను.

"మూడు రోజులు జొరంలో పడున్నావు. లేచేసరికి మీ పెద్దమ్మ ఊరంతా చెప్పేసింది, నేనే ఉడకేసేనని. నువ్వూ విన్నావు, నమ్మేవు. పిల్లవి కదా, నీకున్న భయం దిగిపోయింది. హాయిగా ఉన్నావు."

"తనే చేసేనని ఎందుకు చెప్పాలి? పిల్ల చేసిందంటే ఎవరేమంటారు?"

"ఏమంటారు? ఇంత అల్లరిపిల్లని హాస్టల్లో ఎలా పెట్టుకుంటాం అంటారు. ఒక్క సీటు, పదిమంది అడుగుతున్నారు. అదే అడిగేను నేనూ, ఎందుకే ఎస్తేరూ నీ పని పోగొట్టుకుంటావని. ఇద్దరం వెళ్ళే యోగం లేనప్పుడు పిల్లే వెళ్ళాలి అంది. నేను బతికుండగా పాపకి చెప్పొద్దని బైబిలుమీద నా చెయ్యి పెట్టించుకుంది." ఆవిడ కాస్త ఊపిరి తీసుకుంది. "పోయేక చెప్పకూడదని అనలేదు. అయినా చెప్పేదాన్ని కాదు. ఇవాళ ఆవిడ ఫొటో పక్కన నిలబడి అందరిచేతా నవ్వించేవు చూడు, నా కడుపు మండిపోయింది పాపా."

చెంపమీద కొట్టినా బాగుండేది. ఆవిడ లేచి లోపలికెళ్ళి, పెద్దమ్మ మంచంకింద నుంచి తుప్పుపట్టిన డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఆ బిస్కట్ల డబ్బానే. మూత తీస్తే పైన నేనిచ్చిన ఆకుపచ్చ ఆకులు, ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. పన్నెండు. ఒక్కో దానికీ కాగితం కట్టే ఉంది. ఉడకబెట్టకు పెద్దమ్మా. ఉడకబెట్టకు పెద్దమ్మా. నా ముత్యాల్లాంటి అక్షరాలు! పిల్లల కాపీ పుస్తకాల్లో ఒంకర అక్షరానికి ఎర్రగీత పెట్టిన చెయ్యి రాసింది అది. అన్నిటికీ అడుగున పాత గుడ్డలో చుట్టి ఒకే ఒక్క ఆకు, తెలుపూ కాని, పచ్చా కాని, గంజిరంగులో ఉంది. మధ్య రెక్కమీద బూడిదరంగు మరక. నేరేడు మరకేనని నేను ఒట్టేసి చెప్పలేను, ఇన్నేళ్ళయ్యేక ఎవరూ చెప్పలేరు. కానీ నా బొటనవేలు దానిమీద ఆనించి చూసేను. మరక నా వేలిలో సగం ఉంది.

ఆ పూట నేను అమలాపురం ఎలా చేరేనో నాకు తెలియదు. వారం రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఏడవలేదు, అది చెప్పాలి. ఏడుపు రావడానికి ముందు నమ్మాలి కదా, నాకు నమ్మకం కుదరలేదు. నేను తప్పుచేసిన పిల్లనన్నది పెద్ద విషయం కాదు, పిల్లలు చేస్తారు. నా ఒంట్లో ఇంత అబద్ధం ఇంత ప్రశాంతంగా ఎలా కూర్చుంది? జరగని మాట చెవుల్లో ఎలా వినిపించింది? ఎంతమంది పిల్లలచేత గోడకుర్చీ వేయించేను, అబద్ధాలాడుతున్నారని! అన్నిటికంటే నన్ను కుదిపేసేది ఒకటుంది. పన్నెండుసార్లు ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఒక్క మాట చాలు ఆవిడకి, అది నువ్వే కదే పాపా అంటే సరిపోయేది. నేను పెద్దదాన్నయ్యేను, ఉద్యోగం చేసి రిటైరు కూడా అయ్యేను, ఇక నా సీటుకి వచ్చిన ముప్పేమీ లేదు. అయినా అనలేదు. ఆయ్, ఉడకబెట్టన్లే అంది. ఆ రోజుల్లో మాకు రంగునిలిచే దారం లేదుగానీ అటువంటి మనుషులున్నారు అని రాస్తే వాక్యం బాగానే ఉంటుంది. బాగుండే వాక్యాలు చెప్పీ చెప్పీ ఇక్కడికొచ్చేను, అందుకని ఆ మాట రాయను. ఆవిడ అలా ఉంది, నేనిలా ఉన్నాను, అంతే.

ఈ క్రిస్మస్‌కి కూడా పులిచింతాకులు అల్లేను. కుంకుడుకాయతో చేతులు రెండుసార్లు కడుక్కుని, తెల్లదారం కంచుగిన్నెలో వేసుకుని అల్లేను. పండగనాడు మా ఊరి చర్చికి పట్టుకెళ్తే, పాస్టరుగారి భార్య చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఈసారి తెల్లగా ఉన్నాయేంటండీ టీచరుగారూ అని అడిగేరు.

"నేనే ఉడకబెట్టేనండీ" అన్నాను.

అందరూ నవ్వేరు. అలవాటు కదా, నేను నోరు విప్పితే నవ్వడం. నేను నవ్వలేదు. వాళ్ళ నవ్వు ఆగేదాకా ఆగి, నేరేడుచెట్టు దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పేను. ఏమీ చేర్చలేదు, ఏదీ దాచలేదు, చెయ్యెత్తి మచ్చ కూడా చూపించేను. ఈసారి ఎవరూ నవ్వలేదు. చెప్పడం అయిపోయేక ఏం చెయ్యాలో తెలియక అలాగే నిలబడిపోయేను. మొదటి వరసలో కూర్చున్న సుందరమ్మత్త వంగిన నడుంతో తల మాత్రం పైకెత్తి నా వైపు చూసింది.

"ఆయ్" అంది.